"మేడమ్, మీరు చూశారా?": అమరావతి నుంచి లండన్ దాకా ఒక గ్రాంటు దారి

ప్రశ్న: పల్నాడు జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌ని. వయసు 43. ఎం.ఏ. చేసి, సెట్ పాసయ్యాను. పీహెచ్‌డీ లేదు. పన్నెండేళ్లుగా అమరావతి శిల్పం గురించి పాఠం చెబుతున్నాను. పోయిన డిసెంబరులో బీఏ పిల్లల్ని అక్కడికే తీసుకెళ్లాను. స్తూపం ఉన్నచోట గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాతి పలకలు. ఒకమ్మాయి "మేడమ్, మీరు చెప్పిన బొమ్మలేవి?" అంది. చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయన్నాను. "మీరు చూశారా?" అంది. లేదన్నాను. బస్సులో తిరిగొస్తుంటే ఆ మాటే చెవిలో తిరిగింది.

కాలేజీ టీచర్లు ఇలాంటి చోట్లు చూసి రావడానికి ట్రావెల్ గ్రాంట్లు ఉంటాయని విన్నాను. ప్రిన్సిపాల్ గారిని అడిగితే "మన దగ్గర ఫండ్స్ ఎక్కడివమ్మా, అలాంటివన్నీ యూనివర్సిటీ వాళ్లకి" అన్నారు. మావారు "మ్యూజియం చూడ్డానికి లండన్ దాకానా, గూగుల్‌లో ఫొటోలు లేవా?" అంటున్నారు. నాలాంటివాళ్లకి ఎవరైనా ఇస్తారా? ఎక్కడ మొదలుపెట్టాలి? లేక ఈ వయసులో ఇది అత్యాశా?

జవాబు: ముందు ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి. నా సర్వీసు మొత్తంలో నన్ను అంత సూటిగా అడిగిన విద్యార్థులు ఇద్దరో ముగ్గురో.

మీ ప్రిన్సిపాల్ గారు చెప్పినదాంట్లో సగం నిజం. "చూసి వస్తాను" అంటే డబ్బిచ్చే పథకం కాలేజీ లెక్చరర్లకు మన దేశంలో దాదాపు లేదు. "నా దగ్గర ఒక ప్రశ్న ఉంది, అక్కడికి వెళ్తే తప్ప తేలదు" అంటే ఇచ్చేవాళ్లు మాత్రం ఉన్నారు. యూనివర్సిటీయా డిగ్రీ కాలేజీయా అన్నది రెండో సంగతి. ఈ తేడా తెలియక నేనే రెండేళ్లు పోగొట్టుకున్నాను, అది తర్వాత చెబుతాను.

అమెరికాలో కథ కొంచెం వేరు. అక్కడ 1965లో ఏర్పడిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ డబ్బుతో చాలా ఏళ్లుగా వేసవి కార్యక్రమాలు నడిచాయి. టీచర్లను చారిత్రక స్థలానికే పిలిపించి, కొన్నాళ్లు అక్కడే ఉంచి, చదివించి, చూపించి, ఖర్చులకు స్టైపెండ్ ఇచ్చి పంపేవారు. మన దగ్గర దానికి కాస్త దగ్గరగా ఉన్నది సీసీఆర్‌టీ, అంటే సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం. 1979లో పెట్టారు, హైదరాబాద్ మాదాపూర్‌లో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. కానీ అక్కడి శిక్షణలు ప్రధానంగా స్కూలు టీచర్ల కోసం. మీ చెల్లెలో మరదలో హైస్కూల్లో సోషల్ చెబుతుంటే ఆవిడకి చెప్పండి. మీరు ఆ దారిన వెళ్లి టైమ్ పోగొట్టుకోకండి.

స్టాఫ్‌రూమ్‌లో సీనియర్లు "యూజీసీ మైనర్ ప్రాజెక్టు పెట్టేయ్, అందులో తిరగొచ్చు" అంటారు, అంటే యూజీసీ కాలేజీ టీచర్లకు ఇచ్చిన చిన్న పరిశోధన ప్రాజెక్టు. వాళ్ల కాలంలో అది నిజమే, నా స్నేహితులు ఆ డబ్బుతోనే హంపీ, బాదామి తిరిగొచ్చారు. అవి పంచవర్ష ప్రణాళికల రోజులు. 12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది, ఆ తర్వాత కొత్త ప్రణాళిక రాలేదు. పాత జ్ఞాపకాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. యూజీసీ ట్రావెల్ గ్రాంటు అన్నది కూడా విదేశీ సదస్సులో పేపరు చదివేవాళ్లకు ఉద్దేశించింది, రాయి చూసేవాళ్లకు కాదు.

మీ సబ్జెక్టుకు నేరుగా సంబంధించింది ఐసీహెచ్ఆర్, అంటే భారత చరిత్ర పరిశోధన మండలి. 1972 నుంచి ఉంది. ఢిల్లీలో ప్రధాన కార్యాలయం, మనకు దగ్గర్లో బెంగళూరులో ప్రాంతీయ కేంద్రం. వాళ్ల దగ్గర 'స్టడీ కమ్ ట్రావెల్ గ్రాంట్' అని ఒకటుంది. మూలాధారాలు ఉన్నచోటికి వెళ్లి చదువుకోవడానికి ఇచ్చే చిన్న మొత్తం. విదేశీ ప్రయాణానికి వేరే గ్రాంటు ఉంది. పీహెచ్‌డీకి రిజిస్టర్ అయి ఉంటే ఈ తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి. పీహెచ్‌డీ చేయండి అని ఉచిత సలహా ఇవ్వను, ఇంటి పని, కాలేజీ పని మధ్య అదెంత బరువో తెలుసు. కానీ చేయాలనే ఆలోచన ఎప్పటినుంచో ఉంటే మాత్రం, ఈ ప్రశ్ననే టాపిక్‌గా పెట్టుకుని రిజిస్టర్ అవడానికి ఇదే సమయం.

లండన్ వరకు వెళ్లాలంటే నేను మొదట చూపించేది చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు. మన దేశంలో వ్యాపారం చేసి సంపాదించిన చార్లెస్ వాలెస్ అనే ఆయన 1916లో పోయాడు. ఆయన వదిలి వెళ్లిన సొమ్ములోంచి 1981లో ఈ ట్రస్టు ఏర్పడింది. ఇండియాలో ఉంటున్న భారతీయులు కళలు, వారసత్వం, హ్యుమానిటీస్ పనుల మీద బ్రిటన్ వెళ్లడానికి సాయం చేస్తుంది. అక్కడి మ్యూజియాలు, ఆర్కైవ్స్‌లో కొద్ది రోజులు పనిచేసుకునేవాళ్లకు ఇచ్చే చిన్న గ్రాంట్లు మీ అవసరానికి సరిపోతాయి. మన రాళ్లు అక్కడికి చేరాయి, మన దగ్గర సంపాదించిన డబ్బూ అక్కడికే చేరింది. ఆ డబ్బులో కొంత తీసుకుని ఆ రాళ్లు చూసి రావడానికి మొహమాటపడాల్సింది ఏమీ లేదు. పీహెచ్‌డీ లేకపోయినా అడగదగ్గ చోటు ఇది. ఇలాంటివాటిలో వయసు పరిమితి ఉంటుంది, ఆ ఏటి ప్రకటనలో ముందు ఆ లైనే చదవండి. మీకు 43 కాబట్టి "వచ్చే ఏడు చూద్దాం" అనుకోవద్దు. ఖర్చు మొత్తం వాళ్లే పెట్టుకుంటారనీ అనుకోవద్దు, కొంత మీ చేతి నుంచి పడుతుంది.

అమెరికా వెళ్లడానికి ఇచ్చే ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ లాంటివి పెద్దవి, నెలల తరబడి ఉండేవి. ఇప్పుడు మీకు కావలసింది పది రోజులు. దాన్ని పక్కన పెట్టండి. మీ స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మేడమ్ కథలో కవితలో రాస్తుంటే, సాహిత్య అకాడమీ యువ రచయితలు వేరే రాష్ట్రాలకు వెళ్లి రావడానికి గ్రాంట్లు ఇస్తూ వచ్చిందని ఆవిడ చెవిన వేయండి.

ఇప్పుడు మీవారి ప్రశ్నకు వద్దాం. ఆయన అడిగింది తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు, ఎందుకంటే గ్రాంటు ఇచ్చే కమిటీ కూడా అదే అడుగుతుంది: ఫొటోలు ఉన్నాయిగా, ఎందుకు వెళ్లాలి?

బ్రిటిష్ మ్యూజియంలో ఒక అమరావతి పలక ఉంది. ఒక ముఖం మీద బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, ఇరుపక్కలా నమస్కరిస్తున్న మనుషులు. బుద్ధుడి బొమ్మ లేదు, ఖాళీయే బుద్ధుడు. అది క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి పని. తర్వాత మూడు వందల ఏళ్లకు, అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, అదే పలకను తిప్పి వెనకవైపు కొత్తగా చెక్కారు. ఈసారి మొత్తం మహాచైత్యమే, అంటే అమరావతి స్తూపమే దిగింది: గుమ్మటం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ద్వారాలకు ఎదురుగా వరసగా నిలిపే అయిదేసి ఆయక స్తంభాలు. ద్వారం మధ్యలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. అంటే కొత్త బొమ్మ జనం వైపు, ముత్తాతల నాటి బొమ్మ గోడ వైపు. ఇల్లు రీమోడల్ చేయించినప్పుడు పాత తలుపు చెక్కనే తిప్పి బిగించినట్టు. ఫొటోలో ఒకసారి ఒక ముఖమే కనిపిస్తుంది. పలక మందమెంత, అంచు ఎక్కడ అరిగింది, రెండోసారి చెక్కేటప్పుడు మొదటి ముఖాన్ని జాగ్రత్త చేశారా లేదా, ఇవన్నీ దాని పక్కన నిలబడి చూసుకోవలసినవి. ఈ ఒక్క పలక గురించి మీవారికి భోజనాల దగ్గర చెప్పండి. నా అనుభవంలో ఇలాంటి విషయాలు విన్నాక కనీసం "ఎందుకు తిప్పారట?" అని అడుగుతారు. అలా అడిగారంటే ఆయన మీ పార్టీలోకి వచ్చేసినట్టే.

నా సంగతి చెబుతానన్నాను కదా. 1990లలో సాంచీ, అజంతా చూడాలని ఒక సంస్థకు దరఖాస్తు పెట్టాను. "మన ఘనమైన సాంస్కృతిక వారసత్వాన్ని ప్రత్యక్షంగా దర్శించి విద్యార్థులకు స్ఫూర్తి కలిగించుటకు..." అంటూ రెండు పేజీలు. తిరిగొచ్చింది. ఒక్క ముక్క మార్చకుండా మరుసటి ఏడాది మళ్లీ పంపాను, మళ్లీ వచ్చింది. కాలేజీ పేరు చూసి కొట్టేశారని నెలల తరబడి కోపంగా తిరిగాను. ఒక మిత్రుడు చదివి, "ఇది దరఖాస్తు కాదు, టూరిజం వాళ్ల కరపత్రం" అన్నాడు. మూడోసారి అజంతా తీసేశాను. సాంచీ ప్రాకారం మీద దానం ఇచ్చినవాళ్ల పేర్లున్న శాసనాల్లో ఆడవాళ్లవి చాలా ఉన్నాయి, వాళ్లు తమను ఎవరి తల్లి అని, ఏ ఊరి మనిషి అని చెప్పుకున్నారో ఆ రాళ్ల మీదే చదివి రాసుకుంటాను అని ముప్పావు పేజీ రాశాను. శాంక్షన్ అయింది. స్లీపర్ క్లాసు ఛార్జీ, రోజుకింత బత్తా. అంతే. ఆ ఆరు రోజులు తిన్న తిండి కూడా నాకింకా గుర్తుంది.

అందుకని మీరు మొదట రాయాల్సింది ప్రశ్న. నేనైతే మీ చోట ఉంటే ఇక్కణ్నుంచి మొదలుపెడతాను. మీ కాలేజీ లెటర్‌హెడ్ తీసి చూడండి. దాని మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం ఉంటుంది, 2018లో తెచ్చింది. మధ్యలో ఉన్న పూర్ణఘటం అమరావతి శిల్పం నుంచి వచ్చింది. అమరావతి శాసనాల్లో ఒకటి విధికుడు అనే చర్మకారుడిది. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు. తన వాళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను మహాచైత్యానికి దానంగా ఇచ్చానని ప్రాకృతంలో రాయించుకున్నాడు. తోలుపని చేసుకునే మనిషి, తండ్రి ఉపాధ్యాయుడు, దానం ఇచ్చింది నిండుకుండ బొమ్మ. మీ క్లాసులో కూర్చునే పిల్లలకు ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. రాజుల పేర్లు మార్కుల కోసం గుర్తుపెట్టుకుంటారు. విధికుడి పేరు మర్చిపొమ్మన్నా మర్చిపోరు.

అక్కణ్నుంచి ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఆ స్తూపాన్ని కట్టించినవాళ్లలో వర్తకులు, భిక్షుణులు, గృహిణులు, పనివాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు రాళ్ల మీదే ఉన్నాయి. రాళ్లు ఇప్పుడు ప్రధానంగా మూడు చోట్ల ఉన్నాయి: అమరావతి, చెన్నై, లండన్. ఈ మూడు మ్యూజియాల్లో పలక పక్కన పెట్టిన లేబుల్ మీద ఆ దాత పేరు ఉందా? ఎక్కడ ఉంది, ఎక్కడ పోయింది? "సాతవాహన కాలం, సున్నపురాయి" అని ఊరుకున్నవి ఎన్ని? దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నోట్‌బుక్, సెల్‌ఫోన్, ఓపిక చాలు. కానీ మూడు చోట్లా మనిషి నిలబడాల్సిందే. తిరిగొచ్చాక బీఏ పిల్లల కోసం ముప్పై పేజీల తెలుగు పుస్తకం తయారుచేస్తానని రాయండి. ఇది నా ప్రశ్న, మీకు నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే మీది పెట్టుకోండి. ఒక ప్రశ్న, దానికో ఫలితం, అవి రెండూ ఉంటే మిగతాది కాగితం పని.

రాతలో ఎలా ఉండాలంటే, సుమారుగా ఇలా: "అమరావతికి దగ్గర్లోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పన్నెండేళ్లుగా చరిత్ర బోధిస్తున్నాను. నా విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. అమరావతి మ్యూజియంలో, చెన్నైలో ఉన్న పలకల్లో దాతల శాసనాలున్నవాటి జాబితా తయారుచేశాను. మూడో భాగం లండన్‌లో ఉంది. పది పని దినాల్లో, జతచేసిన పట్టికలోని పలకలను పరిశీలించి ఈ జాబితాను పూర్తిచేస్తాను." దరఖాస్తు ఎలాగూ ఇంగ్లిషులోనే పెట్టాలి. కానీ ముందు ఇలా తెలుగులో రాసుకుని, తర్వాత మార్చండి. నేరుగా ఇంగ్లిషులో మొదలుపెడితే మనకు తెలియకుండానే కరపత్రం భాష వచ్చేస్తుంది.

"జాబితా తయారుచేశాను" అన్న ముక్క గమనించారా? అది నిజం కావాలి. అందుకే లండన్ దరఖాస్తుకు ముందు మీరు చేయాల్సిన ప్రయాణాలు ఉన్నాయి, వాటికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు. అమరావతి మ్యూజియానికి ఈసారి పిల్లల్లేకుండా ఒంటరిగా వెళ్లండి. పిల్లలతో వెళ్తే మనం రాళ్లు చూడం, తలకాయలు లెక్కపెట్టుకుంటూ ఉంటాం. ఆ తర్వాత చెన్నై, ఎగ్మోర్‌లో పాంథియన్ రోడ్డు మీదున్న ప్రభుత్వ మ్యూజియం. మదమెక్కిన నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే గుండ్రటి శిల్పం అక్కడే ఉంది. ఎడమవైపు ఏనుగు తొండంతో మనిషిని పట్టి ఊపేస్తోంది, పైన మేడల మీద నుంచి జనం వంగి చూస్తున్నారు, కుడివైపుకి వచ్చేసరికి అదే ఏనుగు మోకాళ్ల మీద వంగి ఉంది. ఒకే వృత్తంలో ముందూ తర్వాతా రెండూ. 1880లలో ఇక్కడి పలకల్లో చాలావాటిని గోడల్లో బిగించేశారు. వాటి వీపు చూసే వీల్లేదు. లండన్ పలకకు రెండు ముఖాలున్నాయని తెలిశాక ఈ గోడల ముందు నిలబడితే మీకు కొత్త అనుమానాలు పుట్టాలి. పుడితే వెంటనే రాసుకోండి.

చెన్నైలోనే ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ కైఫీయతులు, అంటే ఆయన రాయించిన గ్రామ చరిత్రలు ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో అమరావతికి మొదటిసారి వచ్చాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కడుతుంటే దీపాలదిన్నె (స్తూపం దిబ్బకు ఊళ్లో పేరు) నుంచి రాళ్లు తవ్వుకుపోతున్నారు. మెకంజీ సర్వేయర్ జనరల్ అయ్యాక 1816లో తిరిగొచ్చి బొమ్మలు గీయించాడు. ఆయన కోసం ఊరూరూ తిరిగి గ్రామ చరిత్రలు రాయించినవాళ్లు మన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఆ కైఫీయతులు తెలుగులో ఉన్నాయి. లండన్‌లో అమరావతి మీద పనిచేసే పండితుల్లో ఎంతమంది ఆ గొలుసుకట్టు తెలుగు చదవగలరు? మీరు చదవగలరు, లేదా నెల రోజులు కూర్చుంటే నేర్చుకోగలరు. మీ దరఖాస్తులో మీ బలం ఇదే. డిగ్రీ కాలేజీ లెక్చరర్ అన్నది బలహీనత అనుకుని దాన్ని చివరి పేరాలో దాచేస్తారు చాలామంది. మీరు మొదటి వాక్యంలో పెట్టండి.

డబ్బూ సెలవూ మిగిలితే కలబురగి జిల్లాలో సన్నతి దగ్గరున్న కనగనహళ్లి కూడా చూడండి. అమరావతికి దగ్గరి చుట్టం లాంటి స్తూపం అది. 1990లలో తవ్వినప్పుడు అశోకుడి బొమ్మ, దాని మీద 'రాయ అశోకో' అని పేరు చెక్కి ఉన్న పలక బయటపడింది. అమరావతి పలకలు ఊరు దాటి పోకుండా ఉంటే ఎలా ఉండేదో కొంతైనా ఊహించుకోవచ్చు.

మీ ఉత్తరంలో అనలేదు కానీ మీ మనసులో ఉండే ఉంటుంది: మన రాళ్లు వాళ్లు తీసుకుపోవడమేమిటి, మనం అడుక్కుని వెళ్లి చూడటమేమిటి అని. ఆ కోపం నాకూ ఉంది. మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపించాడు. అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కాయి. లండన్ చేరాక ఒక పెద్ద భవనం తాలూకు గుర్రపుబండ్ల షెడ్డులో పడేస్తే 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ వెతికి బయటికి తీశాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. సుమారు 120 శిల్పాలు. ఈ కథంతా పిల్లలకు చెప్పండి, తిరిగివ్వాలన్న వాదన మీద క్లాసులో చర్చ పెట్టండి. దరఖాస్తులో మాత్రం వద్దు. అది వేరే ఉత్తరం, వేరే చిరునామాకి రాయాల్సింది.

మ్యూజియానికి ముందుగా ఈమెయిల్ రాయడం మర్చిపోవద్దు. గ్యాలరీలో ఉన్నవి టికెట్ లేకుండా ఎవరైనా చూడొచ్చు, బ్రిటిష్ మ్యూజియం ప్రవేశం ఉచితం. ప్రదర్శనలో లేనివి చూడాలంటే ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. "అమరావతి శిల్పాలు చూడాలనుకుంటున్నాను" అని రాస్తే మర్యాదగా వెబ్‌సైట్ లింకు పంపి ఊరుకుంటారు. ఏ పలక, దాని మ్యూజియం నంబరు ఎంత, ఏం చూడాలి, ఎన్ని గంటలు కావాలి, ఇలా రాయండి. నంబర్లు వాళ్ల ఆన్‌లైన్ కేటలాగులోనే దొరుకుతాయి, అమరావతివి చాలావరకు 1880తో మొదలవుతాయి. వాళ్ల నుంచి "ఫలానా వారంలో రావచ్చు" అని రెండు లైన్ల జవాబు వచ్చినా చాలు, దాన్ని ప్రింటు తీసి దరఖాస్తుకు జతచేయండి. సిఫారసు ఉత్తరాలకన్నా ఎక్కువ పనిచేస్తుంది. మెకంజీ గీయించిన బొమ్మలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 2023 అక్టోబరులో అక్కడ సైబర్ దాడి జరిగి కేటలాగులు చాలాకాలం తిప్పలు పెట్టాయి. కాబట్టి మీకు కావలసిన ఆల్బమ్ చూపిస్తారో లేదో బయల్దేరకముందే అడిగి తెలుసుకోండి.

ఇక ఆఫీసు వ్యవహారం. దరఖాస్తు త్రూ ప్రాపర్ ఛానెల్ వెళ్లాలంటే ప్రిన్సిపాల్ సంతకం, ఆ పైన కాలేజీ విద్య కమిషనరేటు. మీ ఫైలు అక్కడ నిద్రపోతుంటే ఇక్కడ చివరి తేదీ దాటిపోతుంది. అందుకే అడ్వాన్స్ కాపీ నేరుగా పంపి, అసలు కాపీ ప్రాపర్ ఛానెల్‌లో పెట్టండి. ఎప్పటినుంచో అందరూ చేసేదే, తప్పేమీ లేదు. విదేశానికి ఎన్‌ఓసీ కావాలి, గ్రాంటు వచ్చాక కాదు, వస్తుందేమో అనిపించినప్పుడే మొదలుపెట్టండి. మీ సీనియర్ అసిస్టెంటుతో స్నేహంగా ఉండండి. ఓడీ (ఆన్ డ్యూటీ) ఇస్తారా, ఈఎల్ (ఆర్జిత సెలవు) పెట్టుకోవాలా, ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) ఏమైనా కలుస్తుందా, ఇవన్నీ ఆయనకు తెలిసినంత ప్రిన్సిపాల్‌కి తెలియవు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి మాత్రం "ఫండ్స్ ఇవ్వండి" అని వెళ్లకండి. "సార్, కాలేజీకి పైసా ఖర్చులేదు, ఫార్వర్డింగ్ లెటర్ మీద సంతకం చాలు, వచ్చాక న్యాక్ రిపోర్టులో రాసుకోవచ్చు" అనండి. కాలేజీలకు గ్రేడు ఇచ్చేది న్యాకే కదా, ఆ మాట వినగానే పెన్ను క్యాప్ తీస్తారు.

డబ్బు చాలాసార్లు ముందు మీరు పెట్టి తర్వాత తీసుకోవాల్సి వస్తుంది. దానికి కొంత విడిగా దాచుకోండి, క్రెడిట్ కార్డు మీద ఆధారపడితే టెన్షన్. వీసా ఫీజు, వీసా రాకపోయినా వెనక్కి రాదు. లండన్‌లో విమానం టికెట్‌కన్నా ఎక్కువగా కొరికేది హోటల్ బిల్లు. మీ ఊరి పిల్లలో, పూర్వ విద్యార్థులో ఎవరో ఒకరు ఆ చుట్టుపక్కల తప్పక ఉంటారు, నరసరావుపేట పిల్లలు లేని ఊరు ఈ భూమ్మీద నేను చూడలేదు. వారం రోజులకు ఒక గది అడగడానికి సిగ్గుపడకండి, వెళ్లేటప్పుడు గోంగూర పచ్చడి పట్టుకెళ్లండి. బోర్డింగ్ పాసులు, బిల్లులు అన్నీ ఒక కవర్లో పెట్టి, ఇంటికి రాగానే జిరాక్స్ తీయించండి. ఆ పాసుల మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పెట్టే రోజుకి తెల్లకాగితం మిగులుతుంది. నాకు తెలిసిన ఒకాయన అలా రైలు టికెట్ కాగితం వెలిసిపోయి, ఆరు నెలలు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు.

అత్యాశా అని అడిగారు. మొదటిసారే వస్తుందని చెప్పలేను. రాకపోయినా, అప్పటికి మీ చేతిలో రెండు మ్యూజియాల జాబితా, విధికుడి కథ, కైఫీయతుల నోట్స్ ఉంటాయి. మీ పిల్లలకు చెప్పడానికి అవే బోలెడు. ఇంకో ఏడు ఇంకోచోట పెట్టడానికీ అవే పనికొస్తాయి.

ముందు చెన్నై. సంక్రాంతి సెలవుల్లో రద్దీ, వద్దు. మామూలు రోజుల్లో రెండు సీఎల్స్ పెట్టుకోండి, మీవారు వస్తానంటే ఆయన్నీ తీసుకెళ్లండి. విజయవాడలో రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగుతారు. గురువారం రాత్రి మాత్రం ఎక్కకండి. ఎగ్మోర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నేను ఒకసారి సంచి భుజాన వేసుకుని ఆ గేటు దాకా వెళ్లి, ఎదురుగా టీ తాగి, వెనక్కొచ్చాను.